బోరు మోటారు దగ్గర మళ్లీ చదువుకున్న పాఠం

ఎనిమిదో తరగతికి వాతావరణ పీడనం చెప్పే రోజు నా సంచిలో ఒక గాజు గ్లాసు, ఒక అట్టముక్క, గోడకు అంటుకునే రబ్బరు సక్కరు ఉంటాయి. గ్లాసు నిండా నీళ్లు పోసి, అట్టముక్కతో మూసి, తలకిందులు చేస్తాను. అట్ట పడదు, నీళ్లు పడవు. పిల్లలు ఒక్కసారిగా "ఓ" అని అరుస్తారు. ఆ అరుపు వినడం కోసమైనా ఆ గ్లాసు మోసుకెళ్లడం నాకు ఇష్టం. తర్వాత బోర్డు మీద బొమ్మ వేసి, గాలి అన్ని వైపుల నుంచీ ఎలా నెడుతుందో చెప్పి, గొట్టంలో పాదరసం 76 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుందని చూపిస్తాను. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు సాంద్రమైనది కాబట్టి నీళ్లయితే ఎంత ఎత్తు నిలుస్తాయో లెక్క కట్టమంటాను. 76ను 13.6తో గుణించి 1033 సెంటీమీటర్లు, అంటే 10.3 మీటర్లు అని వాళ్లే చెబుతారు. అందుకే పైన కూర్చుని నీళ్లు లాగే పంపు ఏదైనా సరే, పది మీటర్లు దాటితే నీళ్లు ఎత్తలేదు అని పాఠం ముగిస్తాను.

చాలా ఏళ్లు ఈ పాఠం ఇక్కడే ముగిసేది.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి హైస్కూలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా, అదీ పడితే. ఇక్కడి పిల్లలకు బడికి రాకముందే బోర్ల సంగతి తెలుస్తుంది. ఎవరి చేలో ఎన్ని బోర్లు వేశారు, ఎన్నిట్లో ఒట్టి దుమ్ము లేచింది, ఎక్కడ ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి, దానికి ఎంత అప్పు అయింది, అన్నీ చెబుతారు. అలాంటి తరగతిలో నేను "పది మీటర్లకు మించి ఎత్తలేదు" అన్న రోజున, చివరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునే ఒక పిల్లవాడు లేచి నిలబడ్డాడు. పేరు పెట్టి పిలిస్తే తప్ప నోరు తెరవని పిల్లవాడు.

"మేడం, మా బోరు ఏడొందల అడుగులు. పది మీటర్లే ఎక్కుతాయంటే మరి నీళ్లు ఎట్ల వస్తాండాయి?"

తరగతిని అడిగాను. "పెద్ద మోటారు మేడం, ఏడున్నర హెచ్‌పీ" అన్నారు ఒకరు. "త్రీ ఫేజు కరెంటు కదా మేడం" అన్నారు ఇంకొకరు. ఎంత పెద్ద మోటారు పెట్టినా పైపులో ఉన్న గాలినంతా లాగేయడం వరకే దాని చేతనవుతుంది, ఆ తర్వాత నీళ్లను పైకి నెట్టాల్సింది బయటి గాలే, ఆ గాలి బలం పది మీటర్లతో సరి అని చెప్పాను. పిల్లవాడు ఇంకా నిలబడే ఉన్నాడు. "నీకేమనిపిస్తోంది?" అని అడిగి ఊరుకున్నాను.

"బోరు మోటారు లాగదు మేడం. కిందనుంచి తోస్తాది" అని కూర్చున్నాడు.

వాళ్ల నాన్న రోడ్డు మీద మోటార్లు రివైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడని అప్పుడే తెలిసింది. సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలో మునిగి ఉంటుందని నాకూ తెలుసు. కానీ ఆ ఇనుప గొట్టం లోపల ఏముంటుందో, నీళ్లను అన్ని వందల అడుగులు ఏ రకంగా తోస్తుందో నేనెప్పుడూ చూడలేదు. ఆ సాయంత్రం బస్సు ఎక్కకుండా నేరుగా ఆ షాపుకు వెళ్లాను.

రేకుల షెడ్డు. బయట వేపచెట్టు కింద పొడవాటి మోటార్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద సుద్దతో రైతు పేరు, ఊరి పేరు. టీచరు షాపుకొచ్చేసరికి ఆయన గాభరా పడి, చేతులు తుడుచుకుంటూ లేచి కుర్చీ వేశాడు. "ఏం మేడం, పిల్లోడు ఏమన్నా చేసినాడా?" అన్నాడు. మంచి ప్రశ్న అడిగాడన్నా, జవాబు మీ దగ్గర చూద్దామని వచ్చాను అంటే కాసేపు నమ్మలేదు. నమ్మిన తర్వాత మాత్రం చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, మరమ్మతుకు వచ్చిన ఒక పంపును నా ముందే విప్పాడు.

మోటారు అడుగున ఉంటుంది. దాని మీద పంపు. రెండింటికీ మధ్య జల్లెడ, నీళ్లు దూరేది అందులోంచే. పంపు అంటే ఒకే ఇరుసు మీద వరసగా గుచ్చిన చిన్న చిన్న చక్రాలు, ఒక్కో చక్రానికి ఒక్కో గిన్నె. చక్రం గిర్రున తిరిగి నీళ్లను అంచుకు విసురుతుంది, గిన్నె ఆ వేగాన్ని ఒత్తిడిగా మార్చి పైచక్రం నడుమకు అందిస్తుంది. ఆ చక్రం ఇంకొంచెం ఒత్తిడి కలిపి దాని పైదానికి ఇస్తుంది. ఇలా ఒక్కో అంతస్తునే వాళ్లు స్టేజీ అంటారు. బోరు లోతుగా ఉంటే స్టేజీలు ఎక్కువ ఉన్న పంపు దించాలి. "ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు ఒగరి చేతినుంచి ఒగరు పైకి అందిస్తారు కదా మేడం, అట్ల" అన్నాడు ఆయన. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇంకో సంగతి చూపించాడు. మోటారు లోపల కూడా నీళ్లే. బయట పైన వాడే మోటారుకైతే రాగి తీగ మీద సన్నటి పూత ఉంటుంది, దాన్ని తడి తగలనివ్వరు. బోరు మోటారు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, చుట్టడం అయ్యాక లోపల మంచినీళ్లు నింపి మూస్తారు. చుట్టూ బోరు నీళ్లు పారుతూ ఉంటే మోటారు చల్లగా ఉంటుంది. బోరు ఎండిపోయి ఒట్టిగా తిరిగితే కాలిపోతుంది. కరెంటుకూ నీళ్లకూ పడదని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన నాకు, నీళ్లు నింపిన మోటారు చేతిలో పెట్టుకుని చూడటం ఎంత సంతోషంగా అనిపించిందో చెప్పలేను.

మీరే వచ్చి మా తరగతిలో చెప్పాలన్నా అని అడిగాను. "నేను ఏడో తరగతి కూడా దాటల్యా మేడం, బళ్లో నేనేం చెప్పేది" అని తల అడ్డంగా ఊపాడు. వారం పాటు అటూ ఇటూ అని, చివరికి కొడుకు పోరు పెడితే ఒప్పుకున్నాడు. మా హెడ్మాస్టరుగారు వెంటనే సరే అన్నారు.

ఆయన వెనకాడినప్పుడు నాకు ఎర్రగుడి గుర్తొచ్చింది. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లా వైపు, అశోకుడి శాసనాలున్న బండలు అవి. మా సోషల్ మేడంతో కలిసి పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్లాం. అక్కడి చిన్న శాసనంలో, క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో చెక్కిన మాట ఒకటుంది: శిష్యుడు ఆచార్యుడిని గౌరవించాలి, పూర్వపు పద్ధతి ప్రకారం శిష్యులకు నేర్పాలి అని. ఆ మాట ఎవరెవరికి చెప్పమన్నాడంటే, ఏనుగుల మీద ఎక్కేవాళ్లకు, లేఖకులకు, రథాలు నడపడం నేర్పేవాళ్లకు, బ్రాహ్మణులకు. అందరినీ ఒకే వరసలో చెప్పాడు. ఏనుగును నడపడం నేర్పే మనిషీ, వేదం నేర్పే మనిషీ ఆ బండ మీద పక్కపక్కన ఉన్నారు. మన జిల్లా పక్కన ఇంత మాట రాతి మీద ఉంటే, మోటారు మెకానిక్‌ను బడిలోకి పిలవడానికి మనకు ఇన్నేళ్లు ఎందుకు పట్టిందా అనుకున్నాను.

ఆయన టీవీఎస్ ఎక్సెల్ మీద పాత పంపు కట్టుకుని వచ్చాడు. మొదట పది నిమిషాలు నేల వైపు చూస్తూనే మాట్లాడాడు. పిల్లలు బల్ల చుట్టూ మూగి గిన్నెలు విప్పడం మొదలుపెట్టాక ఆయన గొంతు లేచింది. నేను బోర్డు దగ్గర లెక్క వేయించాను. ఏడు వందల అడుగులంటే 213 మీటర్లు. 10.3తో భాగిస్తే ఇరవైకి పైనే, అంటే నీళ్లను ఆ లోతు నుంచి పైకి తేవాలంటే వాతావరణ పీడనానికి ఇరవై రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. ఆయన వెంటనే చెయ్యెత్తి ఆపాడు. "బోరు ఎంత లోతు తవ్వినామో అది కాదు మేడం లెక్క. నీళ్లు యాడ నిలిచినాయో ఆడినుంచి ఎత్తాల." బోరు లోతు వేరు, నీటిమట్టం వేరు. పిల్లలు లెక్క కొట్టేసి, ఎవరి బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయో ఒకరినొకరు అడుక్కుని మళ్లీ వేశారు. ఒకమ్మాయి "నీళ్లల్లో కరెంటు కదా, షాకు కొట్టదా?" అని అడిగితే ఆయన ప్లాస్టిక్ తొడుగున్న తీగ ముక్క తీసి అందరి చేతికీ ఇచ్చాడు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇంటి దగ్గర పెద్దవాళ్లను, బోర్లు రాకముందు బావిలోంచి నీళ్లు ఎలా తోడేవాళ్లో అడిగి రమ్మన్నాను. ఎద్దులతో కపిల తోలడం గురించి కొందరు రాసుకొచ్చారు. ఒక అమ్మాయి మాత్రం "మా తాత మిమ్మల్ని బావి దగ్గరికి రమ్మన్నాడు మేడం" అంది. శనివారం మధ్యాహ్నం కొంతమందిమి వెళ్లాం. చాలా కాలం క్రితమే ఎండిపోయిన పెద్ద రాతికట్టు బావి. సగం లోతులో గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ గట్టు, ఇంకా కిందికి పోతే మరొకటి. ఏమిటివి తాతా అని అడిగితే, మోటారు కూర్చోబెట్టిన గట్లు అన్నాడు.

"నీళ్లు దిగేకొద్దీ మోటారును దించుకుంటా పోతిమి. నాలుగు నిలువులు దాటితే ఎత్తుకోదు. ఎంత మంచి మోటారైనా అంతే. పైపు అడుగున ఫుట్‌వాల్వు కాడ లీకుంటే పేడనీళ్లు పోసి ఎత్తిస్తావుంటిమి."

నాలుగు నిలువులంటే ఏడు మీటర్ల చిల్లర. పుస్తకంలో ఉన్న 10.3 మీటర్లు లోపం లేని పంపుకు, పూర్తి శూన్యానికి చెప్పిన లెక్క. నిజం పంపులో కీళ్ల దగ్గర గాలి దూరుతుంది, పైపులో రాపిడి ఉంటుంది, కాబట్టి ఏడెనిమిది మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ తాత గాలి పీడనం కొలిచే బారోమీటరు పేరు వినలేదు. కానీ వాతావరణ పీడనం ఎంతవరకు పనిచేస్తుందో తెలిసి, దానికి తగ్గట్టు రాతిలో గట్లు తొలిపించుకున్నాడు. పిల్లలు ఆ గట్ల మధ్య దూరం తాడుతో కొలిచారు. నేను వద్దన్నా ఇద్దరు మెట్ల మీద సగం దాకా దిగారు.

ఇంటికొచ్చాక ఈ పది మీటర్ల సంగతి మొదట ఎవరు కనిపెట్టారో చదవడం మొదలుపెట్టాను. బీఈడీలో టారిసెల్లి పేరు, పాదరసం గొట్టం బొమ్మ చదివాను కానీ దాని వెనక కథ ఎవరూ చెప్పలేదు. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఒక పాత్ర చేత ఇలా చెప్పిస్తాడు: ఒక పంపు నీళ్లు ఎత్తడం మానేస్తే చెడిపోయిందనుకుని బాగుచేయడానికి పనివాడిని పిలిచాడట. పనివాడు చూసి, పంపులో ఏ లోపమూ లేదు, నీళ్లు మరీ కిందికి దిగిపోయాయి, పద్దెనిమిది మూరలకు (వాళ్ల మూర మన మూర కంటే పొడవు, పది మీటర్ల చిల్లర అవుతుంది) మించి ఏ పంపూ ఎత్తలేదు అన్నాడట. అంత గొప్ప శాస్త్రవేత్తకు ఆ హద్దు ఒకటుందని తెలిసింది ఒక పంపు మెకానిక్ నోటి నుంచి! గెలీలియో దానికి కారణం వెతికాడు. మరీ పొడవైన తాడు తన బరువుకు తానే తెగినట్టు నీటి స్తంభం కూడా తెగిపోతుందని అనుకున్నాడు. అది సరైన కారణం కాదు. ఆయన ఆఖరి మూడు నెలలు పక్కనే ఉండి సాయం చేసిన టారిసెల్లి, గురువు 1642లో పోయాక, నీళ్ల బదులు బరువైన పాదరసం వాడితే గొట్టం పొట్టిదైనా సరిపోతుందని ఆలోచించాడు. నీళ్లను పైనుంచి లాగేదేమీ లేదు, బయటి గాలే తన బరువుతో కిందనుంచి నెడుతోందని తేల్చాడు. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని 1644లో ఒక ఉత్తరంలో రాశాడు.

పనివాడి దగ్గర గురువు విన్నాడు, గురువు వదిలిన చోటు నుంచి శిష్యుడు ముందుకు పోయాడు. ఇప్పుడు ఎనిమిదో తరగతికి నేను ఈ పాఠాన్ని పాదరసం గొట్టంతో మొదలుపెట్టను. ఆ పనివాడితో మొదలుపెడతాను. "మీ ఊళ్లో ఇట్లాంటి మాట చెప్పగలిగేది ఎవరు?" అని అడుగుతాను. ప్రతి ఏడాదీ కొత్త పేర్లు వస్తాయి. పాత ఇంజన్ల మెకానిక్కులు, బోరు లారీ మీద పనిచేసి వచ్చిన మేనమామలు, ఒకసారైతే కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నీళ్లు పడే చోటు చూపించే ఒక పెద్దాయన. ఆయన్నూ పిలిచాం. కొబ్బరికాయ నిజంగా నీళ్లు చూపిస్తుందో లేదో ఎలా పరీక్షించాలని పిల్లలు ఆయన ఎదుటే, ఆయన నొచ్చుకోకుండా చర్చించారు. అది ఇంకో పెద్ద కథ.

ఆ చివరి బెంచీ పిల్లవాడు ఎలా లేచి నిలబడ్డాడన్నది నేను చాలాసార్లు ఆలోచించిన విషయం. అంతకు కొంతకాలం ముందే ఒక శిక్షణలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలి పని గురించి విన్నాను. 1970లలో ఆమె తరగతి గదుల్లో మాటలు రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను మాత్రమేనని తేలింది. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది మాట్లాడారు, వాళ్లే ప్రశ్నలు అడగడం పెరిగింది. వినడానికి చాలా చిన్న విషయం. చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. నలభైమంది ముందు ప్రశ్న వేసి నోరు మూసుకుని నిలబడితే మూడు సెకన్లు చాలా పెద్దవి. సిలబస్ టెన్షన్ ఒక పక్క, మొదటి బెంచీ వాళ్లు "మేడం మేడం" అని ఎత్తిన చేతులు ఒక పక్క. నేను మనసులో నాలుగు దాకా లెక్కపెట్టుకుంటాను. ఆ నిశ్శబ్దంలోనే చివరి బెంచీ వాళ్లకు మాట కూడుకోవడానికి సమయం దొరుకుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. మా పుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు. చదువు ఇంగ్లీషు మీడియం. పిల్లలు పరీక్ష ఇంగ్లీషులో రాయాలి, రాయగలగాలి, దానికి నేను చేయాల్సిందంతా చేస్తాను. కానీ ప్రశ్న మాత్రం వాళ్లింటి మాటలోనే అడగమంటాను. ఆ రోజు ఆ పిల్లవాడిని ఇంగ్లీషులో అడుగు అని ఉంటే అతను కూర్చునేవాడు, ఏడొందల అడుగుల సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

అదే బ్యాచ్ పదో తరగతికి వచ్చింది. విద్యుత్తు పాఠం. ఓమ్ నియమం చెప్పి లెక్కలు చేయిస్తున్నాను: వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది. అదే పిల్లవాడు, ఈసారి నిలబడకుండానే, "మేడం, లో వోల్టేజీ వస్తేనే కదా మోటార్లు కాలేది? మా షాపుకు ఎండాకాలంలో వచ్చేవన్నీ అవే. కరెంటు తగ్గితే చల్లగా ఉండాల కదా?" అన్నాడు.

నేను ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఓమ్ నియమం రెసిస్టరుకు చెప్పిన మాట. తిరిగే మోటారు ఒట్టి రెసిస్టరు కాదు. తిరుగుతున్నంతసేపూ అది తనలోనే ఒక ఎదురు వోల్టేజీని పుట్టిస్తూ, లోపలికి వచ్చే కరెంటును అదుపులో పెడుతుంది. వోల్టేజీ పడిపోయినా పైన మోయాల్సిన నీళ్ల బరువు మాత్రం తగ్గదు. మోటారు వేగం తగ్గుతుంది, ఎదురు వోల్టేజీ తగ్గుతుంది, అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి కరెంటు 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. తొడుగు మెత్తబడుతుంది, చుట్లు ఒకదానికొకటి తగులుతాయి, మోటారు కాలుతుంది. మరుసటి రోజు బొమ్మకారులోంచి తీసిన చిన్న మోటారును బ్యాటరీకి కలిపి, మధ్యలో మల్టీమీటరు పెట్టాను. ఊరికే తిరుగుతున్నప్పుడు ఎంత కరెంటో రాసుకున్నారు. తర్వాత ఇరుసును వేళ్లతో గట్టిగా పట్టి వేగం తగ్గించమన్నాను. మీటరులో అంకె గబగబా పైకి పోయింది. ఇది చూశాక మా నాయనకు నేను చెప్తా అని ఆ పిల్లవాడు అన్నాడు. వాళ్ల నాన్నకు కాలిన చుట్టు చూస్తే లో వోల్టేజీయా, ఒక ఫేజు పోయిందా అన్నది తెలుసు. ఎందుకు అలా అవుతుందో కొడుకు చెప్పాడు. మరుసటి వారం ఆయన బడికి ఫోను చేసి, ఆ బొమ్మ మోటారు ఆట తనకూ చూపించమన్నాడు.

ఆమ్లాల పాఠంలో ఇలాగే ఇంకో అమ్మాయి. పాలరాయి ముక్క మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుడగలు రావడం ప్రతి బడిలోనూ చూపిస్తారు. ఆ అమ్మాయి "మా అమ్మ డ్రిప్పుకు యాసిడ్ పెట్టేటప్పుడు కూడా ఇట్లనే మేడం" అంది. వాళ్లది దానిమ్మ తోట. మా బోరు నీళ్లు గట్టివి, ఎండకు డ్రిప్పర్ల దగ్గర నీళ్లు ఆరిపోయినప్పుడల్లా తెల్లటి ఉప్పు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి, దాన్ని కరిగించడానికే ఆ యాసిడ్. మూసుకుపోయిన లాటరల్ పైపు ముక్క ఒకటి తెచ్చింది. ఆ తెల్లటి పొక్కును గీకి ఆమ్లం వేస్తే బుడగలు, ఆ వాయువును సున్నపు తేటలోకి పంపితే తేట పాలలా తెల్లబడింది. కాల్షియం కార్బొనేటే. నేల కింద సున్నపురాయిని నెమ్మదిగా కరిగించి కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహల్ని తొలిచింది కూడా, కార్బన్ డయాక్సైడు కలిసిన నీళ్లే. వాళ్లమ్మ బడికి వెళ్లలేదు. కానీ కూతురికి చెప్పిన మొదటి జాగ్రత్త, నీళ్లల్లో యాసిడ్ పోయాల, యాసిడ్‌లో నీళ్లు పోయగూడదు అని. పుస్తకంలో పెట్టెగట్టి రాసిన హెచ్చరిక అదే. పిల్లలకు పుస్తకం మీద నమ్మకం పెరిగింది ఆ రోజే అనుకుంటాను.

ఇప్పుడు నా ముందున్నది సోలారు ప్రశ్న. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. వాళ్ల నాన్న సోలార్ పంపుసెట్టు పెట్టించాడు. ఎండ మండిపోయే మే నెలలో నీళ్లు ఇంకా ఎక్కువ రావాలి కదా, ఫిబ్రవరిలో వచ్చినన్ని కూడా రావడం లేదట, ఎందుకు? ప్యానెల్‌కు వెలుగు కావాలి కానీ వేడి పడదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. మా ఎండలకు పలక మీద చెయ్యి పెట్టలేం, అరవై డిగ్రీలు దాటుతుంది. అంటే పదిహేను శాతం దాకా అక్కడే పోవచ్చు. ఇంత చెప్పి, బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో ఉదయం, మధ్యాహ్నం కొలుద్దాం అన్నాను.

"వద్దు మేడం. ఎండాకాలంలో బోరులో నీళ్లు కూడా కిందికి దిగుతాయి కదా. బకెట్టు నిదానంగా నిండితే, తప్పు ప్యానెల్‌దో, బోరుదో ఎట్ల తెలుస్తాది? ప్యానెల్ మీద దుమ్ము కూడా ఉంటాది. మనం ప్యానెల్ నుంచి వచ్చే కరెంటే కొలవాల, తుడవకముందు ఒగసారి, తుడిచినాక ఒగసారి" అంది.

మన మెకానిక్ అన్న దగ్గర, తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంపు మీటరు ఉంది, అడిగి తెద్దామనుకున్నాం. ఫోను చేస్తే ఆయన నవ్వి, నా మీటరు ఏసీకే పనిచేస్తాది మేడం, ప్యానెల్‌ది డీసీ కదా అన్నాడు. డీసీ కొలిచేది అనంతపురంలో దొరుకుతుందట, వచ్చే వారం సామాను తేవడానికి పోయినప్పుడు ఒకటి కొంటానన్నాడు. వోల్టేజీకి బడిలో ఉన్న మల్టీమీటరు సరిపోతుందో లేదో, దాని హద్దు చూసి చెప్పమన్నాడు. మీటరు రాగానే మొదటి కొలత ఆ అమ్మాయే తీస్తుంది. పలక వేడి ఎలా కొలవాలన్నది ఇంకా తేలలేదు. మా ల్యాబులో ఉన్న థర్మామీటరు పలకకు అంటుకుని నిలవదు. ఎవరికైనా మంచి ఉపాయం తోస్తే చెప్పండి.